రెండు పళ్ళాల ఎన్నిక

దేశానికి స్వేచ్ఛ వచ్చింది గానీ నాకు మా వంటింట్లోకి అనుమతి రాలేదు. ఈ మాట మా డర్బన్ పక్క వెరులంలో ఎవరితో అన్నా నవ్వుతారు. మీరూ నవ్వండి, అందుకే చెబుతున్నాను.

తొంభైనాలుగు ఏప్రిల్‌లో అన్ని రంగులవాళ్ళం కలిసి మొదటిసారి ఓటు వెయ్యడానికి ఆరు గంటలు లైన్లో నిలబడ్డాను. చెప్పినప్పుడల్లా ఓ గంట పెరుగుతోందని మా ఆవిడ అంటుంది గానీ, మీరు ఆరే వేసుకోండి. నా ముందు మా చక్కెర మిల్లు మేనేజరు, నా వెనక చెరుకు నరికే జూలూ ముసలమ్మ. ముగ్గురికీ ఒకటే ఎండ, తలకో ఓటు. మనిషికి మనిషి సమానమన్న గర్వంతో ఇంటికొచ్చి, టీ పెట్టుకుందామని వంటింటి గడప మీద కాలు పెట్టాను.

"సేతులు సూపించు," అంది అమ్మణి.

అమ్మణి నా భార్య. పాత ప్రభుత్వం కాగితాలు చూపించమనేది, మా ఆవిడ చేతులు చూపించమంటుంది. కాగితాలైతే ఎవరినో పట్టుకుని సంపాదించొచ్చు, చేతులు ఎక్కణ్ణించి తెస్తాం? చూపించాను. అటు తిప్పింది, ఇటు తిప్పింది, గోళ్ళ దగ్గర ఆగింది. టీ గడప బయటికే వచ్చింది, నా కోసం విడిగా పెట్టిన ఎనామిల్ మగ్గులో.

దీనికంతటికీ కారణం ఒక కుండ.

మా ఇంట్లో తరవాణి కుండ ఉంది. ఎరగని పిల్లల కోసం చెబుతున్నాను. గంజి, నాలుగు మెతుకులు కుండలో పోసి మూత పెడితే కొన్నాళ్ళకి పుల్లబడుతుంది. ఆ పులుపు తీసుకుంటూ, తీసినంతా మళ్ళీ గంజి పోస్తూ ఉంటే ఆ కుండ ఎప్పటికీ ఖాళీ కాదు. అమ్మణి వాళ్ళ అవ్వ చెరుకు తోటల్లో కూలికొచ్చి ఓడ దిగిన ఏడాదే అక్కడి కూలీల బారకాసుల్లో మొదలుపెట్టిందట. కాపురానికొచ్చిన రోజున అమ్మణి ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో తరవాణి చెంబు పట్టుకుని బస్సు దిగింది. నన్ను నమ్మి మొయ్యమని ఇచ్చింది ట్రంకు పెట్టె. ఆ రోజే నాకు అర్థం కావలసింది.

ఏటా ఆడి నెలలో మా పెరట్లో అమ్మోరికి అంబలి పోస్తాం. తమిళం వాళ్ళతో కలిసి బతికి మేమూ ఆడి నెల అనే అంటాం. మొక్కజొన్న పిండి కాచి, ఈ తరవాణి కలిపి పులియబెట్టిన అంబలి. మూడు కాళ్ళ ఇనప కుండలు నాలుగు నిండుతాయి, వీధి వీధంతా వస్తుంది. కుండ మూత తీశాక మొదటి గరిటె తిప్పేది ఇంటి పెద్ద. ముప్పై ఆరేళ్ళు ఆ గరిటె నాదే.

తరవాత నేను మిల్లు నుంచి రిటైరయ్యాను. నలభై ఏళ్ళు బయట గడిపిన మనిషి రోజంతా ఇంట్లో ఉంటే ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసింది. కోళ్ళు పెంచాను, పాలకూర వేశాను, నీళ్ళ పంపు విప్పాను. తిరిగి బిగించలేదనుకోండి. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం దాహమేసి, శుభ్రంగా చేతులు కడుక్కునే, తరవాణి కుండలో చెంబు ముంచాను. చెంబు కాస్త పొట్టిది. అందుకని చెయ్యి కాస్త లోపలికి వెళ్ళింది. మణికట్టు దాకా అనుకోండి.

నాలుగో రోజుకి కుండలో తీగలు సాగాయి. ఆ వాసనకి మా వీధిన పోయే టాక్సీలు కిటికీలు ఎక్కించుకున్నాయి. అమ్మణి మూడు తరాల తరవాణిని పెరట్లో పారబోసి, ఖర్వాస్తాన్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్ళి, ఎప్పుడో తాను పంచి ఇచ్చినదాంట్లోంచే చెంబెడు అడిగి తెచ్చుకుంది. రెండు టాక్సీలు మారి, ఒళ్ళో చెంబు పెట్టుకుని, దారంతా నన్ను తిట్టుకుంటూ. నాకు మూడు నిషేధాలు పడ్డాయి. వంటింటి గడప, తరవాణి కుండ, అంబలి గరిటె.

గరిటె మా పక్కింటి సిడ్నీకి వెళ్ళింది.

సిడ్నీ నా చిన్ననాటి స్నేహితుడు. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళతో ఔనంటాడు కాబట్టి ఊళ్ళో ఔనౌను సిడ్నీ అంటారు. నా చెయ్యి తగిలే కుండ చెడిందని అమ్మణి అంటే ఔనౌనన్నాడు. ఎండకి చెడిందని నేనంటే దానికీ ఔనౌనన్నాడు. అలాంటివాడు మా ఇంటి అంబలిలో గరిటె తిప్పుతుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో మీకెలా చెప్పను. గరిటె కూడా ఎవరు ఎటు తిప్పమంటే అటే తిప్పుతాడు.

అలా రెండు ఆడి నెలలు గడిచాయి. మూడోదానికి నాకు ఆయుధం దొరికింది. ఆయుధం పేరు తారా, మా మనవరాలు. డర్బన్ టెక్నికాన్ కాలేజీలో మొదటి ఏడాది, మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. చదివేది సూక్ష్మజీవుల గురించి.

అదేం చదువే అని అడిగాను. కంటికి కనపడని జీవాలట. బల్ల మీద, గాలిలో, చేతుల మీద, నా మీసంలో, అంతటా ఉంటాయట. కనపడని వాటిని ఎలా చదువుతావంటే, ఒక్కటి కనపడదు గానీ కోట్లయితే కనపడతాయంది. అందుకని వాటికి నచ్చే మేతని జెల్లీలా గడ్డకట్టించి, మూతున్న పళ్ళెంలో పోసి, దాని మీద వేలు తాకించి, వెచ్చగా పెడతారు. తాకిన చోట ఒకటుంటే, మేత బాగుంటే, ఇరవై నిమిషాలకి రెండవుతుంది. ఇంకో ఇరవైకి నాలుగు. రెండో రోజుకి చుక్కలా పైకి తేలుతుంది. ఒక్కో చుక్క ఒక్కో తాత సంతానం.

నాకు వెంటనే బోధపడింది. మా వంశమూ అంతే. ఓడలో వచ్చింది ఒక్కడు, ఇప్పుడు పెళ్ళికి పిలిస్తే హాలు చాలదు.

బోధపడింది ఇంకొకటి కూడా ఉంది. అమ్మణి చెయ్యి పొద్దస్తమానం ఆ తరవాణి కుండలోనే ఉంటుంది. పులిసిందంటే అందులో ఈ జీవాలు ఉన్నట్టే కదా అని, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి తారాని అడిగాను. చెంచాడులో కోట్లుంటాయి తాతా అంది. కోట్ల జీవాలున్న కుండలో మునిగిన చెయ్యి ఒకటి, క్రిములు చంపే మందుతో కడిగిన నా చెయ్యి ఒకటి. పోటీ పెడితే ఎవరు గెలుస్తారో లెక్క కట్టడానికి టెక్నికాన్ అక్కర్లేదు. చెరుకు తోట బడిలో నాలుగో క్లాసు చాలు. నేను సరిగ్గా అక్కడి దాకానే చదివాను.

ఆ సాయంత్రం గడప బయట నిలబడి ప్రకటించాను. ఇక మీదట ఈ ఇంట్లో కూడా ప్రజాస్వామ్యం. ఎవరి చెయ్యి శుభ్రమో నువ్వూ నేనూ అరుచుకోనక్కర్లేదు, పళ్ళాలు తేలుస్తాయి.

"ఆ ఎర్రి పనులు నాకొద్దు," అంది అమ్మణి ఉల్లిపాయ తరుగుతూ.

"భయమా?"

"బయమెందుకు? నా సెయ్యి సంగతి నాకు తెల్సు. నీ సెయ్యి సంగతి ఈదికంతా తెల్సు."

మూడు రోజులు బతిమాలాను. కుదరదంది. నాకేమో కాలు నిలవడం లేదు. ఎందుకంటే ఈసారి అంబలికి తారా వాళ్ళ మేడంని పిలిచింది. ఆవిడ పేరు శారదగారు. ఎన్నికలయ్యాక బాపట్ల నుంచి వచ్చి టెక్నికాన్‌లో చేరారు. మా నాన్న పుట్టిన దేశం నుంచి ఒక మనిషి మా గుమ్మంలోకి రావడం అదే మొదలు. ఆవిడ ముందు నేను ఇంటి పెద్దలా గరిటె పట్టుకోవాలా, సిడ్నీ పట్టుకుంటే పక్కన నిలబడి గుటకలు మింగాలా? నాకు అదే పెద్ద బెంగ.

చివరికి తారా పూనుకుంది. ఇంట్లో చేసి చూపిస్తే మేడం మెచ్చుకుంటారని అవ్వని ఒప్పించి వంటిల్లు తీసుకుంది. అది ఆగస్టు తొమ్మిదో తారీఖు బుధవారం. ఆడవాళ్ళ పేరున కొత్త ప్రభుత్వం మొదటిసారి ఇచ్చిన సెలవు రోజు. ఆ రోజే ఆడదానితో పందేనికి దిగడం మంచి శకునం కాదని నాకు తట్టలేదు.

జెల్లీ దగ్గరే మొదటి గొడవ. కాలేజీలో గొడ్డు మాంసం రసం పోసి చేస్తారని తారా నోరు జారింది. అమ్మణి చూసిన చూపుకి స్టవ్వు ఆరిపోవాలి. ఆడి నెలలో మా ఇంట్లో ఎండు చేప పేరు కూడా ఎత్తం. సరే, బంగాళాదుంపలు ఉడికించిన నీళ్ళలో కాస్త చక్కెర, పండగలకి పుడ్డింగు చేసే చైనా గ్రాస్ వేసి కాచారు. వాళ్ళ ల్యాబులో గడ్డకట్టడానికి వాడేదీ అదేనట. అంటే ఇన్నేళ్ళుగా సూక్ష్మజీవుల పరుపు మీద ఏలకుల పొడి జల్లుకుని మేం తింటున్నామన్నమాట.

పళ్ళాలు మూడు. అరచేతి వెడల్పు గాజువి, మూతలతో. వాటినీ జెల్లీనీ ప్రెషర్ కుక్కర్‌లో పదిహేను నిమిషాలు ఉడికించాలంది తారా. లోపల ముందే ఉన్నవి చావకపోతే ఎవరివి ఎవరివో తెలియదట. కందిపప్పుకి కూడా అంత గ్యాసు తగలేయనని అమ్మణి సణిగింది. మూడో పళ్ళెం ఎందుకంటే, దాన్ని ఎవరూ తాకరు, చివరి దాకా అది ఖాళీగా ఉంటే పని శుభ్రంగా జరిగినట్టు. మొన్న ఎన్నికలకి పరదేశాల నుంచి టోపీలు పెట్టుకుని వచ్చి ఊరికే చూస్తూ నిలబడిన పెద్దమనుషులు లేరూ, ఆ ఉద్యోగం.

జెల్లీ చల్లారేలోపు నేను పెరటి కొళాయి దగ్గరికి జారుకున్నాను. కోళ్ళ గూడు కడిగే నల్ల మందు నీళ్ళలో కలిపి, రెండు చేతులూ మోచేతుల దాకా తోముకున్నాను. గోళ్ళకి ఇటుక ముక్క పెట్టాను. నలభై ఏళ్ళుగా పట్టిన చక్కెర పాకం, గ్రీజు, నా బాల్యం, అన్నీ ఊడి వచ్చాయి. చూసుకుంటే నా చేతులు నాకే కొత్త. ఎవరో పెళ్ళికొడుకు దగ్గర అరువు తెచ్చుకున్నట్టున్నాయి. ఆ కొత్త చేతుల్ని భుజం మీది తుండుతో హాయిగా తుడుచుకుని వంటింట్లోకి నడిచాను. తప్పు, గడప దాకా నడిచాను.

అక్కడ ఒక వింత జరిగింది. మూడు రోజులుగా వద్దన్న అమ్మణి, కిటికీ దగ్గర్నించి ఇటు తిరిగి తనే అంది:

"సరే, పందెం కడతాను. ఊరికే గాదు. ఓడినోళ్ళు అమ్మోరి కుండలు తోమాల. ఈ ఏడొక్కటే గాదు, బతికున్నన్నాళ్ళూ."

"నేను గెలిస్తే?"

"గరిటె నీది. గడప నీది. కుండలో సెయ్యి పెట్టుకుంటావో కాలు పెట్టుకుంటావో, నానడగను."

ఎర వేశాను, చేప తగిలిందనుకున్నాను. ఎవరు ఎటు వైపు ఉన్నారో గాలానికి తెలుసు గానీ నాకు తెలియలేదు.

ముందు నీ పని చూసుకో, ఎన్నిక ఎక్కడికీ పోదని పెద్దమనిషిలా చెప్పి, అమ్మణి తరవాణి కుండలో చెయ్యి పెట్టి కలిపి తీసేదాకా ఆగాను. అప్పుడు తొందరపెట్టాను. ఉడికించిన పుల్లకి చుట్టిన దూదితో తారా మా వేళ్ళు రుద్ది, జెల్లీ మీద గీతలు గీసింది. పేర్లు నేను రాస్తానన్నాను. మిల్లులో చెరుకు రసం నమూనా డబ్బాలు మోసింది నేనే కదా. డబ్బా మూత మీద సుద్దతో నంబరు రాస్తేనే దానికి విలువ. నలభై ఏళ్ళలో ఒక్కటి తప్పలేదు. అలవాటుగా ఒక మూత మీద 'క' అని కిష్టసామికీ, అంటే నాకూ, ఇంకో మూత మీద 'అ' అని అమ్మణికీ రాశాను.

"తాతా, మూత మీద గాదు, అది..." అని మొదలెట్టింది తారా.

"నువ్వు పుట్టకముందు నించీ మూతల మీదే రాస్తున్నానే," అన్నాను.

తారా అవ్వ వైపు చూసింది. అవ్వ కళ్ళతో ఏదో చెప్పింది. తారా నోరు మూసుకుని, చేతిలోని మైనపు పెన్సిల్ చెవి మీద దోపుకుంది. ఆ వాక్యం చివరి దాకా విని ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి కథ ఉండేది కాదు, నా చేతులకి తోలు ఉండేది.

ఇక వాటిని వెచ్చగా పెట్టాలి. ఆగస్టంటే మా వైపు చలికాలం. గరాజులో బల్బు వెలిగే నా కోడిపిల్లల పెట్టె ఉంది. పిల్లల్ని బుట్టలోకి మార్చి పళ్ళాలు అందులోకి చేర్చాను. బోర్లించి పెట్టమంది తారా. తినే పళ్ళెం ఎవరైనా బోర్లిస్తారా? నైవేద్యంలా చక్కగా వెల్లకిలానే పెట్టాను. తల్లికోడి వచ్చి తొంగిచూసి, పిల్లల బదులు గాజు పళ్ళాలు కనపడేసరికి నా వైపు తిరిగింది. అచ్చం అమ్మణి చూపే.

శుక్రవారం సాయంత్రం అవ్వా మనవరాలూ గుమ్మడికాయల కోసం మార్కెట్టుకి వెళ్ళారు. నేను పెట్టె తెరిచాను.

పరిశీలకుడి పళ్ళెం ఖాళీగా ఉంది. 'అ' మూత కింద సూదిమొనంత తెల్లటి చుక్కలు, అన్నీ ఒకే సైజు, బడిలో ప్రార్థనకి నిలబడిన పిల్లల్లా వరసగా ఉన్నాయి. 'క' మూత కింద, ఎలా చెప్పను, ఒక ఊరే వెలిసింది. పసుప్పచ్చ బొట్లు, గంధం రంగు మరకలు, జిగురుగా పాకుతున్నదొకటి, మధ్యలో ఆకుపచ్చ బూజు పిల్లి పడుకున్నట్టు ముడుచుకుని ఉంది. మూత కాస్త ఎత్తాను. ఆ వాసన నాకు పరిచయమే. టాక్సీలు కిటికీలు ఎక్కించుకున్న వాసన.

మందుతో కడిగిన చేతికి ఇదెలా వచ్చిందో ఆలోచించే వ్యవధి లేదు. కంచె అవతల సిడ్నీ కనిపించాడు. మూతలు మార్చేస్తే ఎలా ఉంటుందని అడిగాను. ఔనౌనన్నాడు. తప్పు కాదూ అని అడిగాను. ఔనౌనన్నాడు. సలహాదారు ఔనన్నాక ఇంకేం, మార్చేశాను. 'క' మూత వరసలో నిలబడ్డ పిల్లల మీదికి, 'అ' మూత పిల్లి మీదికి. నలభై ఏళ్ళ నిజాయితీ నాలుగు సెకన్లలో అయిపోయింది. వేళ్ళు తుండుతో తుడుచుకున్నాను.

ఆదివారం పెరడు నిండింది. వేపాకులు కట్టారు, నాలుగు కుండలూ మూతల కింద పులిసి సిద్ధంగా ఉన్నాయి. శారదగారు వచ్చారు. ముప్పై ఐదేళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. అమ్మణి పలకరించగానే ఆవిడ మొహం వెలిగింది. "మీ మాట వింటుంటే మా అమ్మమ్మ లేచి వచ్చినట్టుంది పిన్నిగారూ," అన్నారు. ఆ మెప్పు కూడా అమ్మణికే పోయిందే అని నాకు కడుపు మండింది. అందుకే తొందరపడ్డాను.

ఇత్తడి తాంబాళంలో మూడు పళ్ళాలు పెట్టి, ఒక్కోదాని మూత మీద ఒక్కో బంతిపువ్వు పెట్టి, జనం మధ్యకి తెచ్చాను. నాకు కావలసింది గరిటె ఒక్కటే. రెండు ముక్కల్లో ముగించాల్సింది. కానీ ఎదురుగా అరవై మంది, అందులో బాపట్ల మనిషి. నోరు ఆగలేదు. మూత మీద 'అ' చూపించి, బూజు పళ్ళెం చుట్టూ తిప్పి అందరి ముక్కుల కిందా పెట్టాను. ఈ పసుప్పచ్చది సోమవారం పప్పులోది, ఈ జిగురుది మంగళవారం బెండకాయలోది, ఈ పిల్లి మాత్రం పెళ్ళినాటి నుంచీ ఉన్నట్టుంది అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ చేతి వంట తిని బతికిన నన్ను టెక్నికాన్‌లో పెట్టి పరీక్షించాలన్నాను. జనం నవ్వారు. సిడ్నీ ప్రతి ముక్కకీ ఔనౌనన్నాడు.

అమ్మణి నవ్వలేదు, కోపగించుకోలేదు. కుండ పక్కన గరిటె పట్టుకుని నిలబడింది.

"ఏవయ్యా," అంది మెల్లగా. "ఆ పచ్చ బూజు ఎవరి సేతిదయితే ఆళ్ళని ఏం సెయ్యమంటావు? అమ్మోరి ముందు సెప్పు."

"వంటింటి గడప తొక్కకూడదు. కుండలు తోమాలి. బతికున్నన్నాళ్ళూ."

"అందరూ ఇన్నారు గదా," అంది.

శారదగారు ఆ పళ్ళెం ఒకసారి ఇమ్మన్నారు. బంతిపువ్వు తీసి పక్కన పెట్టారు. మూత వైపు చూడనే లేదు. ల్యాబు వాళ్ళ చేతి అలవాటట, పళ్ళెం అందగానే బోర్లించడం. "వీటిని వెల్లకిలా ఉంచారా బాబాయిగారూ? మూతంతా చెమ్మ పట్టింది," అంటూ అడుగు భాగం వెలుతురుకి పెట్టి, ఆగిపోయారు.

"తారా, ఈ తెలుగు అక్షరాలు నువ్వు రాసినవేనా?"

గాజు అడుగున, మైనపు పెన్సిల్‌తో, వంకర టింకరగా ఉంది: తాత.

తారాకి తెలుగు రాయడం రాదు. వచ్చిన మాట అదొక్కటే. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని దిద్దించాను. మొదటి అక్షరానికి దీర్ఘం మర్చిపోతుందని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఈసారి మర్చిపోలేదు.

"సారీ తాతా," అంది తారా. "మూతలు మారిపోతాది అని మేడం ఫస్ట్ డే సెప్పింది. పేరు కింద రాయాల. జెల్లీ పొయ్యక ముందే రాసినా."

మీకు గుర్తుందా, మొన్నటి ఓటు కాగితం అచ్చయిపోయాక ఆఖరి నిమిషంలో ఒక పార్టీ దిగితే, దాని పేరు కాగితం అడుగున స్టిక్కరు అంటించారు. మా నేటాల్‌లో ఎందరో ఆ అడుగు దాకా చూసుకుని మరీ ముద్ర వేశారు, చివరికి ఇక్కడ గెలిచింది కూడా ఆ అడుగున ఉన్నదే. కళ్ళారా చూసినవాణ్ణి నేను. అయినా అడుగు చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

పెరడంతా సిడ్నీ వైపు చూసింది. జీవితంలో మొదటిసారి వాడికి ఎవరితో ఔననాలో తెలియలేదు. చివరికి పళ్ళెం వైపు తిరిగి ఔనౌనన్నాడు.

శారదగారు పాపం నన్ను కాపాడాలనే చూశారు. రెండో పళ్ళెం అందుకుని, ఆ చిన్న చుక్కలు పులుపు చేసే జీవాలై ఉంటాయన్నారు, ల్యాబులో రంగు వేసి చూస్తే గానీ గట్టిగా చెప్పలేనన్నారు. అవి తాము పులుపు పుట్టించి, ఆ పులుపులో చెడ్డవాటిని బతకనివ్వవట. తరవాణి కుండకి అవే కాపలా అట. లోపలికి మరీ పెద్ద దండు దిగితే తప్ప ఓడిపోవట. అయితే మందుతో కడిగిన చేతికి ఇన్ని రకాలు ఎలా అంటాయో మాత్రం ఆవిడకి అంతు పట్టలేదు.

"నాన్సెప్తాను," అంది అమ్మణి. "మందెట్టి తోముకోడం కిటికీలోంచి సూశాను. బానే తోమాడు. ఆనక ఆ తుండుతో తుడుసుకున్నాడు. అది సూశాకే పందెం కట్టాను."

అరవై జతల కళ్ళు నా భుజం మీద వాలాయి. ఆ తుండు గురించి నేను చెప్పుకోకూడదు గానీ, కోళ్ళ గూడు, పంపు గ్రీజు, పాలకూర మడి, నా మెడ, నా మీసం, అన్నీ దానికి తెలుసు. ఉతికితే మెత్తదనం పోతుందని నేనే ఉతకనివ్వను. శారదగారు బాపట్ల మర్యాదతో ఒక్క అడుగు వెనక్కి వేశారు.

నాకు మాత్రం ఒక దారి దొరికింది. రెండేళ్ళ క్రితం కూడా చెయ్యి కడుక్కుని, తుండుతో తుడుచుకునే కుండలో పెట్టాను. అంటే తప్పు తుండుది. నా చెయ్యి నిర్దోషి. ఆ మాటే గట్టిగా అన్నాను, రెండేళ్ళుగా అన్యాయంగా శిక్ష అనుభవించానని కూడా అన్నాను. కొందరు తలలు కూడా ఊపారు.

"సరే, సెయ్యి నిర్దోసే," అంది అమ్మణి. "మూతలు మార్సింది కూడా తుండేనా?"

నేను తుండు భుజం మీంచి తీసి వెనక దాచుకున్నాను.

గరిటె తారా చేతికి వెళ్ళింది. మా ఇంట్లో ఆడపిల్ల మొదటి గరిటె తిప్పడం అదే మొదటిసారి. బాగా తిప్పింది, ఒప్పుకోవాలి. శారదగారు వెళ్ళేటప్పుడు నా తుండు మూల చిన్న ముక్క కత్తిరించి సీసాలో వేసుకున్నారు, పిల్లలకి పాఠానికి పనికొస్తుందట. మా ఇంట్లోంచి టెక్నికాన్‌కి వెళ్ళిన రెండోది అది. మిగతా తుండుని అమ్మణి డబ్బాలో వేసి ఉడకబెట్టింది. ఆ నీళ్ళ రంగు నేను చెప్పను. చెబితే కోతలంటారు.

నాలుగు కుండలూ తోమాను. బూడిద, ఇసుక, కొబ్బరి పీచు. మూడు కాళ్ళ కుండ తోమడం ఎలాంటిదంటే, కాళ్ళ మధ్య చెయ్యి పెడితే అది తన్నదు గానీ తన్నినట్టే ఉంటుంది. అయ్యేసరికి నా వేళ్ళు తెల్లగా ముడుచుకుపోయి నానబెట్టిన బఠాణీల్లా ఉన్నాయి. అమ్మణి అంబలి తెచ్చింది. మగ్గు కింద పెట్టి, "సేతులు సూపించు," అంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, గోళ్ళ దగ్గర ఆగింది.

"ఇప్పుడు సుబ్బరం," అని గడప మీంచి పక్కకి జరిగింది.

రెండేళ్ళ తరవాత మా వంటింట్లో కాలు పెట్టాను. నా కళ్ళు చెమర్చాయి. తుడుచుకుందామంటే తుండు లేదు. తుడుచుకోకుండానే చూస్తే, అరవై మంది తిన్న పళ్ళాలు, గిన్నెలు, గరిటెలు కిటికీ దాకా పేర్చి ఉన్నాయి. గడప తొక్కకూడదని నువ్వే అన్నావు గానీ నా కోసం తొక్కు, అమ్మోరికి నేను చెప్పుకుంటానులే అంది అమ్మణి.

మర్నాడు నా భుజం మీద కొత్త తుండు వేసింది. తెల్లటిది, మెత్తటిది. రోజూ ఉతకాలన్నది షరతు. నేను ఒప్పుకున్నాను, పైకి. సిడ్నీ దగ్గర సరిగ్గా అలాంటిదే ఉంది. వాడు రోజూ ఉతుక్కుంటాడు. అవసరమైతే ఎప్పుడైనా ఒకటికొకటి మార్చుకోవచ్చు, అడిగితే ఔనౌనంటాడు అనుకుంటూ మడత పెడుతున్నాను. ఈసారి మాత్రం బుద్ధొచ్చినవాణ్ణి కదా, అంచు తిప్పి అడుగు వైపు చూశాను.

ఎర్ర దారంతో, వంకర టింకరగా, కుట్టి ఉంది: తాత.